రెండు కాళ్లూ తీసెయ్!

మరమరాల సంచీ మీద ఎవరో నెమ్మదిగా నడుస్తున్నట్టు టైర్ల కింద కరకర. సొరంగం దాటి బయటికొచ్చిన దగ్గర్నుంచీ అదే చప్పుడు. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"చప్పుడు పోయింది నాన్నా" అంది వెనక సీట్లోంచి ఏడేళ్ల పాప.

పోయిందేంటో నాన్నకు అప్పటికి అర్థం కాలేదు. ముందున్న టెంపో ట్రావెలర్ ఎర్రలైట్లు వెలిగాయి. పద్నాలుగేళ్లుగా నేర్చుకున్నదే ఆయన కాళ్లు చేశాయి. కుడికాలు బ్రేకు మీదికి, ఎడమకాలు క్లచ్ మీదికి, రెండూ ఒక్కసారే. స్పీడోమీటరు ముల్లు అప్పటికి ఇరవై దగ్గరుంది. చక్రాలు ఆగాయి, కారు మాత్రం ఆగలేదు.

"స్టీరింగు ఇటు తిప్పినా అటు తిప్పినా ఒకటే. పళ్లెంలో వెన్నముద్ద జారినట్టు జారింది. ఎంత సేపో చెప్పలేను. మూడు సెకన్లు అయ్యుంటుంది. నాకు మాత్రం మా పెళ్లి దగ్గర్నుంచీ అన్నీ గుర్తొచ్చాయి" అని ఆయన ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నారు. అప్పుడు మాత్రం నోట మాట రాలేదట.

టెంపో వెనక భాగం అద్దం నిండా వచ్చేసింది. అదృష్టం అనే మాట వాడటం నాకిష్టం ఉండదు గానీ, ఇక్కడ వేరే మాట దొరకడం లేదు. కారు తోక తిరిగి, కొండవైపు బుల్డోజరు తోసిపెట్టిన మంచుదిబ్బలోకి వెనక నుంచి వెళ్లి మెత్తగా కూరుకుంది. ఇంజను ఆగింది. దిబ్బ అటువైపు కాకుండా లోయవైపు ఉండి ఉంటే ఈ కథ ఆదివారం సంచికలో కాదు, మర్నాటి జిల్లా పేజీలో వచ్చేది.

అది 2024 డిసెంబరు 23, సోమవారం సాయంత్రం. చోటు హిమాచల్ ప్రదేశ్‌లో అటల్ టన్నెల్ దక్షిణ ద్వారానికీ సొలంగ్ నాలాకూ మధ్య.

కారులో నలుగురు. చండీగఢ్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న మార్కాపురం మనిషి, ఆయన భార్య, పాప, సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చిన భార్య తమ్ముడు. పేర్లు రాయొద్దని మొదటి మాటే షరతు పెట్టారు. ఊళ్లో పెద్దవాళ్లకు ఇప్పటికీ సగమే తెలుసు. కాబట్టి బావ, అక్క, పాప, బామ్మర్ది అనే పిలుచుకుందాం. ఇంట్లో కూడా వాళ్లు అలాగే పిలుచుకుంటారు.

కారు 2016 మోడల్ ఆల్టో 800. గేర్లు చేత్తో వేసుకోవాల్సిందే. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు, జానెడు కూడా ఉండదు. మనాలీలో హోటలు ముందు పార్క్ చేసిన పెద్ద పెద్ద జీపుల మధ్య దాన్ని చూసి బామ్మర్ది పొద్దున్నే ఒక మాటన్నాడు.

"బావా, దీంట్లోనా మంచులకు పోయేది? జీపు మాట్లాడుకుందాం."

"ఏరా, బయట టాక్సీలన్నీ ఏం బళ్లో చూశావా?"

బావ చెప్పింది నిజమే. మనాలీ వీధుల్లో పసుపు నంబరు ప్లేటుతో తిరిగే టాక్సీల్లో ఆల్టోలు కొల్లలు. తేలికైన బండి, ఇంజను బరువంతా ముందు, ఆ ముందు చక్రాలే బండిని లాగుతాయి. సన్నటి టైరు మెత్తటి మంచును కోసుకుంటూ అడుగున గట్టినేలను వెతుక్కుంటుంది. బావ తర్కంలో తప్పు లేదు. ఆ టాక్సీల స్టీరింగు ముందు ఎవరు కూర్చున్నారన్నది మాత్రం ఆయన లెక్కలోకి రాలేదు.

సొలంగ్ దారిలో రెండువైపులా నంబర్లు వేసిన కొట్లుంటాయి. మంచు సూట్లు, గమ్‌బూట్లు అద్దెకిస్తారు. పాపకు ఎర్రసూటు నచ్చింది. నలుగురూ తొడుక్కుని బయల్దేరారు. అన్నట్టు ఆ కొట్లో, మంచులో జారకుండా టైర్లకు కట్టే చెయిన్లు కావాలా అని ఒకసారి అడిగారట. ఎండ కాస్తోంది, రోడ్డు నల్లగా పొడిగా ఉంది. వద్దన్నారు.

ఇక్కడ టన్నెల్ గురించి కాస్త చెప్పుకోవాలి. 9.02 కిలోమీటర్ల ఈ సొరంగాన్ని 2020 అక్టోబరు 3న ప్రారంభించారు. అంతకుముందు చలికాలంలో అవతలి లాహౌల్ లోయకు వెళ్లాలంటే రోహ్‌తాంగ్ కనుమ ఎక్కాలి. 3,978 మీటర్ల ఎత్తు. మంచు పడితే నెలల తరబడి మూసేసేవారు. లోయలో పేషెంటును బయటికి తేవాలంటే హెలికాప్టరే దిక్కు. సొరంగం ఆ జనానికి ప్రాణదానం, అందులో రెండో మాట లేదు. అయితే అదే సొరంగం మైదానాల వాళ్లను కూడా డిసెంబరు నెలలో, నున్నటి రోడ్డు మీద, పాటలు పెట్టుకుని, మూడు వేల మీటర్ల ఎత్తుకు తీసుకుపోతోంది. ఒకప్పుడు కనుమ మూసేసి ఉండేది కాబట్టి మనకు మంచులో నడపడం రాకపోయినా పర్వాలేకపోయింది. ఇప్పుడు దారి తెరుచుకుంది, పనితనం మాత్రం పాతదే.

పదకొండున్నరకు సొరంగం అవతలి సిస్సు చేరారు. చంద్రా నది, ఎదురుగా తెల్లటి కొండలు, రోడ్డు పక్క మ్యాగీ. పాప మంచులో బొమ్మ చేసి దానికి మామ కళ్లజోడు పెట్టింది. రెండింటికి మొదటి రేకులు రాలాయి. జనం ఈలలు వేశారు, చేతులు చాపి తిరిగారు. రేకులు పడుతుండగానే అక్కడి టాక్సీవాళ్లు మాత్రం ఒక్కొక్కరే ప్యాసింజర్లను పిలుచుకుని వెనక్కి తిరగడం అక్క గమనించింది.

"ఏమండీ, టాక్సీలన్నీ పోతున్నాయి. మనమూ పోదాం."

"ఇంకో అరగంట. వాడు హైదరాబాద్ నుంచి ఇంత దూరం వచ్చింది దేనికి?"

ఆ అరగంట గంటంబావు అయింది.

సొరంగం లోపల వెచ్చగా, వెలుగుగా, పొడిగా ఉంది. బళ్ల బారులో మెల్లగా నడిచి, దక్షిణ ద్వారం దాటేసరికి నాలుగున్నర. బయట వేరే లోకం. దక్షిణ ద్వారం 3,060 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి సొలంగ్ దాకా సుమారు పదకొండు కిలోమీటర్లలో ఐదారు వందల మీటర్లు దిగాలి. తిరుమల నుంచి తిరుపతికి దిగే లోతు కంటే కాస్త తక్కువ. బావకు ఘాట్ రోడ్లు కొత్త కాదు. దోర్నాల నుంచి శ్రీశైలం లెక్కలేనన్నిసార్లు వెళ్లొచ్చిన మనిషి. దిగేటప్పుడు తక్కువ గేరులో దిగాలని తెలుసు. రెండో గేరు వేశారు. రెండు మలుపులు బాగానే దిగారు. మూడోదాంట్లో చప్పుడు పోయింది.

ఆ చప్పుడు గురించి ఆయనకు తర్వాత తెలిసింది. కొత్తగా పడిన మంచు టైరు కింద నలుగుతుంది, అందుకే కరకర. నలిగే దాకా పట్టు ఉన్నట్టే. అదే దారిలో వందల బళ్లు వెళ్లాక మంచు అణగి, చక్రాల వేడికి పైపొర కరిగి, చలికి మళ్లీ బిగుసుకుని గాజుపలక అవుతుంది. గాజు నలగదు, చప్పుడు చేయదు. పొడి తారురోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు తొక్కితే బండి రెండు, రెండున్నర మీటర్లలో నిలబడుతుంది. గాజుమంచు మీద అదే బండికి పదిహేను మీటర్లు కావాలి, అదీ నేల సమంగా ఉంటే. వాలులో అయితే ఆగుతుందని హామీ లేదు.

ఇక క్లచ్. ఊళ్లలో, ట్రాఫిక్‌లో మనందరి ఎడమకాలికీ ఒక జబ్బు పట్టుకుంది. బ్రేకు తొక్కినప్పుడల్లా అదీ వెళ్లి క్లచ్ తొక్కుతుంది. ఇంజను ఆగిపోకూడదని డ్రైవింగ్ స్కూల్లో నేర్పిన జాగ్రత్త అది. కానీ క్లచ్ తొక్కగానే ఇంజనుకూ చక్రాలకూ బంధం తెగుతుంది. అంతసేపూ వెనక్కి పట్టి ఉంచిన ఇంజను చేయి వదిలేస్తుంది. ఆ సాయంత్రం మూడో మలుపులో బావ ఒకేసారి రెండు పనులు చేశారు. చక్రాలను బిగబట్టారు, పట్టి ఉంచిన చేతిని వదిలించారు.

దిబ్బలోంచి బయటపడటానికి పది నిమిషాలు రేసు ఇచ్చారు. మొదటి గేరు, పూర్తి రేసు. ముందు చక్రాలు గిర్రున తిరిగి ఉన్న కాస్త మంచునూ నున్నగా రుద్దేశాయి. క్లచ్ కాలిన కమురు వాసన లోపలికి వచ్చింది. బామ్మర్ది దిగి తోశాడు, జారి మోకాళ్ల మీద పడ్డాడు. కాళ్లకింది మ్యాట్లు తీసి చక్రాల కింద పెట్టారు. ఒకటి వెనక్కి ఎగిరి ఎక్కడో చీకట్లో పడింది. ఈలోగా వాళ్ల ముందూ వెనకా బళ్లు అడ్డదిడ్డంగా నిలిచిపోయాయి. కొన్ని అడ్డం తిరిగాయి. నాలుగు చక్రాలూ లాగే జీపు ఒకటి కూడా రోడ్డుకు అడ్డంగా పడుంది. నాలుగు చక్రాలు లాగితే ముందుకు పోవడానికి పనికొస్తుంది. ఆగడానికి ఏ బండికైనా ఉన్నవి ఆ నాలుగు టైర్లే.

ఆరు. ఏడు. బయట గాలి. ఫోన్లో సిగ్నల్ లేదు. పాపకు చలేస్తోందని బావ ఇంజను ఆన్ చేసి హీటరు పెట్టారు. అద్దాలు బిగించారు. అక్క ఒళ్లో పాప నిద్రపోయింది.

ఆ నిద్ర గురించి చెప్పేటప్పుడు అక్క గొంతు మారింది. "అలిసిపోయి పడుకుందనుకున్నా. నాకూ తల బరువుగా ఉంది. పొద్దున్నుంచీ తిరిగాం కదా అనుకున్నా."

ఏడున్నర దాటాక ఎవరో అద్దం మీద కొట్టారు. వేళ్లతో కాదు, చెప్పుతో కొట్టినట్టు గట్టిగా. తలమీద కులూ టోపీ, చేతిలో టార్చి, యాభై దాటిన మనిషి. మూడు బళ్ల ముందున్న ఆల్టో టాక్సీ ఆయనది.

"ఇంజన్ బంద్! ఇంజన్ బంద్ కరో! షీశా ఖోలో!"

ఇంజను ఆపు, అద్దం దించు అని. తిడుతున్నాడనుకున్నారు. నిజంగా తిట్టాడు కూడా. బావను చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కెళ్లి టార్చి వేసి చూపించాడు. వెనక బంపరు దిబ్బలో కూరుకుని ఉంది. సైలెన్సరు గొట్టం మంచులో మూసుకుపోయింది. బయటికి పోవాల్సిన పొగ కారు కిందే తిరుగుతోంది. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్ర వచ్చినట్టే ఉంటుంది.

2022 జనవరి 7 రాత్రి పాకిస్థాన్‌లోని మరీ అనే కొండ ఊరి దారిలో ఇలాగే మంచులో బళ్లు చిక్కుకున్నాయి. తెల్లారేసరికి కనీసం 22 మంది చనిపోయారు, వాళ్లలో పదిమంది పిల్లలు. చాలామంది కార్లు లోయలో పడలేదు, దేన్నీ గుద్దుకోలేదు. నిలబడ్డ చోటే ఉన్నాయి, అద్దాలు బిగించి. చలి ఒక కారణం, గొట్టాలు మంచులో పూడిన బళ్లలో నిండిన పొగ ఇంకో కారణం అని అప్పట్లో చెప్పారు. చనిపోయినవాళ్లలో ఒక పోలీసు ఉద్యోగి, ఆయన కుటుంబ సభ్యులు ఉన్నారు. ఆ వార్త బామ్మర్ది అప్పుడు చదివాడు, షేర్ కూడా చేశాడు. ఆ రాత్రి గొట్టం చూశాక గానీ గుర్తు రాలేదట.

నాలుగు అద్దాలూ దించారు. పాపను లేపి నడిపించారు. ఐదు నిమిషాలకు "ఆకలేస్తోంది" అంది. అక్క ఏడ్చింది.

ఎనిమిది దాటాక పోలీసులు వచ్చారు. చెయిన్లు కట్టిన జీపుల్లో ఆడవాళ్లనూ పిల్లలనూ ముందు దింపుతున్నారు. ఆ రాత్రి ఆ దారిలో సుమారు 1,000 బళ్లు చిక్కుకున్నాయనీ 700 మంది దాకా టూరిస్టులను క్షేమంగా దింపామనీ మర్నాడు అధికారులు చెప్పిన లెక్క. ఆ 700లో ఇద్దరు అక్కా, పాపా. కారు అక్కడే వదిలేసి మగవాళ్లనూ రమ్మని అక్క బతిమాలింది. కారు రోడ్డుకు అడ్డంగా ఉంది, వదిలేస్తే వెనకవాళ్లెవరూ కదలలేరు. జీపు ఎక్కుతూ పాప మామతో ఒకటే చెప్పింది.

"మామా, చప్పుడు వినిపిస్తోందో లేదో నువ్వు చూడు."

టాక్సీ ఆయన డిక్కీలోంచి రెండు గోనెసంచులు తెచ్చాడు. లాహౌల్ బంగాళాదుంపలు నింపే సంచులు. ముందు చక్రాల కింద పరిచాడు. బావను దింపి తాను కూర్చున్నాడు. బావ ఇచ్చినట్టు రేసు ఇవ్వలేదు. మొదటి గేరు కూడా వేయలేదు. రెండో గేరు వేసి, క్లచ్‌ను వెంట్రుకంత వెంట్రుకంత వదిలాడు. రెండో గేరులో చక్రానికి ఊపు తక్కువ, గిర్రున తిరగదు. బామ్మర్ది తోశాడు. కారు దగ్గి, ఊగి, సంచి మీదికెక్కి దిబ్బలోంచి బయటికొచ్చింది. పది నిమిషాల రేసుకు కానిది అర నిమిషంలో అయింది.

వాలు మొదలయ్యే చోట ఆపి మొదటి గేరులోకి మార్చాడు. క్లచ్ పూర్తిగా వదిలాడు. ఆ తర్వాత చేసిందే బావకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. గమ్‌బూట్లతో ఉన్న రెండు కాళ్లనూ పెడళ్ల మీంచి తీసి, మడిచి, సీటు కిందికి లాక్కున్నాడు. భోజనానికి కూర్చున్నవాడిలా. కారు తనంతట తాను గంటకు ఆరేడు కిలోమీటర్ల వేగంతో నడవసాగింది.

"గాడీ కో చల్నే దో, సాబ్. ఆప్ మత్ చలావో."

బండిని నడవనివ్వు, నువ్వు నడపకు. ఒక మలుపు అలా దించి చూపించి, ఆపి, బావను కూర్చోబెట్టాడు. జాగ్రత్తలు మూడే చెప్పాడు. ముందు వెళ్లిన బళ్ల గాడిలో పడొద్దు, కొండవైపు చక్రాలను ఎవరూ తొక్కని మంచు మీద నడిపించు. హ్యాండ్‌బ్రేకు జోలికి పోవద్దు, అది వెనక చక్రాలను మాత్రమే పడుతుంది, మంచు మీద బండి బొంగరమవుతుంది. మూడోది విని బావ పొరపాటుగా విన్నానేమో అనుకున్నారు. కాళ్లు తీసేశాక కూడా బండి జారితే, "థోడీ సీ రేస్." కాస్త యాక్సిలరేటరు ఇవ్వు.

పల్లంలో జారుతున్న బండికి రేసు ఇవ్వడమేంటి?

నాకూ అర్థంకాక రెండుసార్లు అడిగాను. బావ టేబుల్ మీద అగ్గిపెట్టె పెట్టి చూపించారు. మొదటి గేరులో ఇంజను ముందు చక్రాలను వెనక్కి పట్టి ఉంచుతుంది. మామూలు మంచు మీద అదే బ్రేకు. మరీ నున్నటి చోట ఆ పట్టే ఎక్కువైపోతుంది. బండి పోయే వేగం కంటే చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, అంటే ఈడ్చుకుపోతుంది. ఈడ్చుకుపోయే చక్రం స్టీరింగు మాట వినదు. యాక్సిలరేటరు మీద బొటనవేలు ఆనిస్తే చక్రం బండి వేగాన్ని అందుకుంటుంది, మళ్లీ దొర్లుతుంది. దొర్లే చక్రం మాట వింటుంది. అగ్గిపెట్టె కథ బాగానే ఉంది. రాత్రి పదిగంటలకు, లోయ పక్కన, అది కాలికి చెప్పాలి.

తొమ్మిదీ ముప్పావుకు కదిలారు. ముందు టాక్సీ, నలభై గజాల వెనక ఆల్టో. బామ్మర్ది పక్క సీటులో అద్దం పూర్తిగా దించి తల బయటికి పెట్టాడు. చెవులు మొద్దుబారుతున్నా మంకీక్యాప్ పైకి మడిచాడు, వినపడదని. పొద్దున దాకా ఫోన్లో చూసి ఏ గేరులో పోవాలో బావకు చెప్పిన కుర్రాడు. ఇప్పుడు అతని ఉద్యోగం ఒకటే.

"ఉంది బావా. ఉంది. ఉంది."

బావ ఎడమకాలిని ఏం చేయాలో తోచక సీటు అంచుకు ఆనించి, ఎడమచేత్తో మోకాలు నొక్కి పట్టుకున్నారు. "పసిపిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకోవాల్సి వచ్చింది. ముందు లైటు కనిపిస్తే చాలు, లేచిపోతోంది."

"ఉంది... ఉంది... జర ఆగు... బావా, పోయింది! చప్పుడు పోయింది!"

మలుపు. స్టీరింగు తిప్పి ఉంది, కారు నిటారుగా పోతోంది. హెడ్‌లైట్ల వెలుగులో రోడ్డు అంచు, దాని తర్వాత మంచు రేకులు తప్ప ఏమీ లేని చీకటి. ఎడమకాలు చేతికింద గింజుకుంది. కుడికాలు ముందుకొచ్చింది. బ్రేకుకూ యాక్సిలరేటరుకూ మధ్య ఎంత దూరం ఉంటుంది, బెత్తెడు. ఆ బెత్తెడు దాటించడానికి తన ఒంట్లో ఉన్న బలమంతా పట్టిందని బావ అన్నారు. తిప్పిన స్టీరింగు కొద్దిగా వెనక్కి వదిలి, బొటనవేలు ఆనించారు. ఇంజను చిన్నగా మూలిగింది.

ముందు చక్రాల్లో ఏదో అందుకున్నట్టు స్టీరింగు చేతికి తగిలింది. ముక్కు తిరిగింది.

"వచ్చింది బావా."

ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకోలేదు.

అలాంటివి ఇంకో రెండు మలుపులు వచ్చాయి. ఒకచోట రోడ్డు మీద మట్టి చల్లి ఉంది, అక్కడ టైరు పెట్టగానే ఇంటికొచ్చినట్టనిపించిందట. సొలంగ్ దగ్గరికి చేరేసరికి పన్నెండుంబావు. పదకొండు కిలోమీటర్లు కూడా లేని దారి, రెండున్నర గంటలు. బావ ఎన్నిసార్లు క్లచ్ తొక్కారని అడిగితే బామ్మర్ది వేళ్లు లెక్కపెట్టి ఏడు అన్నాడు, ఏడుసార్లూ పూర్తిగా ఆగాల్సి వచ్చినప్పుడే.

సొలంగ్‌లో ఫోన్లు బతికాయి. అక్క నుంచి మెసేజ్: హోటల్ చేరాం, పాప అన్నం తింది. దాని కింద వార్తల యాప్‌ది ఇంకోటి. సినీ దర్శకుడు శ్యామ్ బెనెగల్ కన్నుమూత. అల్వాల్‌లో పెరిగిన బామ్మర్దికి ఆయన మా తిరుమలగిరి మనిషే అన్న అభిమానం. "ఆ ముక్క చదివి ఏడుపొచ్చింది. బెనెగల్ కోసమో ఇంకెందుకో తెల్వదు" అన్నాడు. నేనేమీ అడగలేదు.

టాక్సీ ఆయన బండి ఆపి టీ తాగుతున్నాడు. బావ పర్సు తీశారు. ఆయన తల అడ్డంగా ఊపి, టీ డబ్బులు మాత్రం ఇమ్మన్నాడు. మళ్లీ పైకి వెళ్లాలట, ఇంకా బళ్లున్నాయి. ఆ రోజుల్లో హిమాచల్‌లో 200కు పైగా రోడ్లు మూతపడ్డాయి. బళ్లు జారి చనిపోయినవాళ్లూ ఉన్నారు. మూడు రోజులు తిరిగేసరికి 27న మళ్లీ మంచు పడింది. సొలంగ్ నాలాలో మళ్లీ వెయ్యి బళ్లు, ఈసారి 5,000 మంది.

చండీగఢ్ వెళ్లాక మెకానిక్ క్లచ్ ప్లేటు విప్పి చూపించాడు. సగం కాలిపోయింది. అది వాలులో కాలింది కాదు, దిబ్బలో పది నిమిషాల రేసుకు కాలింది. ప్లేటు మార్చారు, వెనక బంపరు సొట్ట తీయించలేదు. డిక్కీలో ఇప్పుడు ఒక చిన్న పార, విప్పని చెయిన్ల జత, రెండు గోనెసంచులు ఉన్నాయి. సంచుల్లో ఒకటి చిరిగింది. వాటిని తిరిగి ఇవ్వడం ఇద్దరూ మరిచిపోయారు.